ఈ చుక్కలు ఎవరు పెట్టారు? – మోకాలి ఎముకతో నా ఏడేళ్ల పీహెచ్‌డీ

నవంబరు 21, శుక్రవారం ఉదయం పదకొండున్నరకు నా పీహెచ్‌డీ వైవా (మౌఖిక పరీక్ష) మొదలైంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నా థీసిస్‌ను బల్ల మీద పెట్టి, పసుపు కాగితం అంటించుకున్న పేజీ తెరిచి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ చుక్కలన్నీ ఎవరు పెట్టారమ్మా?"

నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్న మా గైడు గారు కూడా తల వంచుకుని నవ్వుకున్నారు. "నేనే పెట్టాను సార్. రెండుసార్లు. అంతకుముందు ఇంకోసారి, తప్పుగా" అన్నాను.

గణితం చదివి ఆసుపత్రి స్కాన్ల మీద పరిశోధన చేయాలనుకుంటున్నామని ఈమధ్య మా కాలేజీ పాత విద్యార్థులు ఇద్దరు ఫోను చేశారు. ఎంత కాలం పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ ఆగిపోతాం అని వాళ్ల సందేహాలు. డైరీలో తేదీలన్నీ ఉన్నాయి కనుక మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. 2017లో మా అమ్మకు కర్నూలులో మోకాలి చిప్ప మార్పిడి జరిగింది. చిప్ప అని మనం అంటాం గానీ, మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది చివరను, కాలి ఎముక పై చివరను చెక్కి లోహపు తొడుగు వేస్తారు. ఆపరేషన్ తర్వాత డాక్టర్ గారు మాటల్లో మాటగా, "అమ్మగారి ఎముక బాగా చిన్నది. ఉన్నవాటిలో చిన్న సైజు వేసినా పక్కకు కాస్త ఎక్కువే అయింది" అన్నారు. తొడుగుల కొలతలు మొదట్లో పాశ్చాత్యుల ఎముకలను బట్టి వచ్చాయని, సగటున మనవాళ్ల మోకాళ్లు అంతకంటే చిన్నవని ఆయన చెప్పారు. "చిన్నవి అంటే అదే ఆకారంలో చిన్నవా, ఆకారమే వేరా?" అని నేను అడిగాను. ఆయన నా వైపు చూసి, "మీరు లెక్కల టీచరా?" అన్నారు.

2018 డిసెంబరులో మా ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో పార్ట్ టైం పీహెచ్‌డీలో చేరాను. అంశం మోకాలి ఎముక ఆకార విశ్లేషణ. గైడు గారు నా చేతిలో పెట్టిన మొదటి వ్యాసం 1984లో డేవిడ్ కెండాల్ రాసింది. కొన్ని బిందువుల సమూహం నుంచి అది ఎక్కడ ఉంది, ఎంత పెద్దది, ఏ వైపు తిరిగి ఉంది అనే మూడింటినీ తీసేయండి, మిగిలిందే ఆకారం. అలా చేస్తే సమతలంలోని త్రిభుజాల ఆకారాలన్నీ కలిసి ఒక గోళం అవుతాయి. సమబాహు త్రిభుజం ఒక ధ్రువం దగ్గర, దాని అద్దపు బింబం రెండో ధ్రువం దగ్గర ఉంటాయి. మూడు బిందువులు ఒకే గీత మీద ఉంటే భూమధ్యరేఖ మీదికి వస్తాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లుగా త్రిభుజాలు బోధిస్తున్నాను, అవన్నీ ఒక బంతి మీద కాపురం ఉంటున్నాయని నాకు ఎవరూ చెప్పలేదు!

ఆ ధ్రువాల సంగతి గుర్తు పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత దాని దగ్గరే నేను బోర్లా పడ్డాను.

ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు 2020 జనవరిలో రాశాను. రెండు నెలల్లో వస్తాయన్న ఫలితాలు కరోనా వల్ల సెప్టెంబరులో వచ్చాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అసలు కథ ఎథిక్స్ కమిటీ దగ్గర మొదలైంది. రోగుల స్కాన్లు ముట్టుకోవాలంటే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. కొత్తగా ఎవరికీ సూది గుచ్చకపోయినా, స్కాన్ తీయకపోయినా, కంప్యూటర్‌లో పడి ఉన్న పాతవే అయినా కావాలి. గణితం వాళ్లకు ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు. ఆసుపత్రి వైపు నుంచి ఒక డాక్టర్ సహ పరిశోధకులుగా ఉండాలన్నారు. అమ్మకు ఆపరేషన్ చేసిన డాక్టర్ గారినే వెళ్లి అడిగాను. "ఆ రోజు అడిగిన ప్రశ్న ఇంకా వదల్లేదా?" అంటూ సంతకం పెట్టారు.

2021 ఫిబ్రవరి 8న దరఖాస్తు ఇచ్చాను. పద్నాలుగు కాపీలు, ఒక్కొక్కటి ముప్పై ఆరు పేజీలు, స్పైరల్ బైండింగుతో. జిరాక్సుకే రెండు వేలు దాటింది, కమిటీ రుసుము వేరే. మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ ఆ ఏడు ఏప్రిల్‌లో కూర్చోలేదు. రెండో వేవ్‌లో ఆ డాక్టర్లంతా వార్డుల్లో ఉన్నారు. నా ఎముకల గురించి ఫోను చేయడానికి కూడా సిగ్గు వేసింది. ఆగస్టు 19న పిలుపు వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కి, గుత్తి, డోన్ మీదుగా ఎనిమిదికల్లా కర్నూలు చేరి, బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ తిని, పదింటికి హాలు బయట కూర్చున్నాను. లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం రెండున్నర. లోపల ఉన్నది పదకొండు నిమిషాలు.

డాక్టర్లు అడిగినవాటికి జవాబులు సిద్ధం చేసుకునే వెళ్లాను. కమిటీలో వైద్యరంగానికి సంబంధం లేని ఒక సామాన్య పౌరుడు కూడా ఉండాలనేది నియమం. ఆ స్థానంలో కూర్చున్న పెద్దాయన అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. "మా ఊరి మనిషి మోకాలు మీ కంప్యూటర్‌లో చూసి ఇది ఫలానావాడిదని ఎవరైనా గుర్తుపట్టగలరా అమ్మా?"

నేను కాసేపు ఆలోచించి, తల స్కాన్ అయితే దాని నుంచి ముఖాన్ని తిరిగి తయారు చేయవచ్చని, అందుకే పరిశోధనకు ఇచ్చేముందు ముఖం భాగాన్ని చెరిపేస్తారని, మోకాలితో ఆ ప్రమాదం లేదని చెప్పాను. "కానీ స్కాన్ ఫైలు లోపల పేరు, వయసు, తేదీ రాసి ఉంటాయండీ. బొమ్మలో కనిపించకపోయినా ఉంటాయి" అని కూడా చెప్పాను. "అయితే అవి ఎవరు చెరుపుతారు?" అని ఆయన మళ్లీ అడిగారు. నా దరఖాస్తులో ఆ వివరం లేదు! వెనక్కి పంపారు. పేర్లను ఆసుపత్రి గదిలోనే, ఆసుపత్రి మనిషే చెరిపి, ఒక సంఖ్య ఇచ్చి నాకు అందించాలని మార్చి రాశాను. నవంబరు సమావేశంలో ఆమోదించారు. లేఖ 2022 జనవరి 3న చేతికొచ్చింది. దరఖాస్తు ఇచ్చిన నాటి నుంచి పదకొండు నెలలు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ పెద్దాయన అడిగింది న్యాయమే అనిపిస్తుంది.

సీటీ గదిలో పనిచేసే టెక్నీషియన్ అన్న లేకపోతే నా పీహెచ్‌డీ లేదు. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లకు సీటీ ఎవరూ తీయరు కదా, మరి నాకు మామూలు ఎముకలు ఎక్కడ దొరుకుతాయని దిగులు పడుతుంటే ఆయనే దారి చెప్పారు. "ఒక కాలు విరిగినా గొట్టంలోకి రెండు కాళ్లూ వెళ్తాయి మేడమ్. దెబ్బ తగలని కాలు ఫైలులో ఊరికే పడి ఉంటుంది. అది తీసుకోండి." హైవే మీద బైకు ప్రమాదాల్లో ఒక కాలు విరగ్గొట్టుకున్నవాళ్ల రెండో కాలు నా పరిశోధనకు ముడిసరుకు అయింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

2022 ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రతి రెండో శనివారం కర్నూలు వెళ్లాను. మొత్తం 131 స్కాన్లు వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను. సీటీ అంటే కాలిని అడ్డంగా ముక్కలుగా కోసినట్టు తీసే చిత్రాల వరుస. ఇంటికొచ్చి తెరిస్తే అందులో 41 స్కాన్లకు ముక్కకూ ముక్కకూ మధ్య ఐదు మిల్లీమీటర్ల ఎడం. వాటితో ఎముకను కడితే మెట్ల బావిలా తయారైంది. 19 మందికి ఆ కాలిలో కూడా పాత రాడ్డో, పగులో ఉంది. 13 స్కాన్లలో ఎముక చిత్రం మధ్యలో తెగిపోయింది. మిగిలినవి 58. స్కాన్లు అడిగేటప్పుడు 'ఎన్ని ఉన్నాయి' అని కాకుండా 'ముక్క మందం ఎంత' అని ముందు అడగండి. నాకు నాలుగు నెలలు, దాదాపు ఐదు వేల రూపాయల బస్సు ఛార్జీలు మిగిలేవి.

పాత ల్యాప్‌టాప్ ఒక్క స్కాన్ తెరిస్తే చాలు, ప్రాణం పోయినట్టు ఆగిపోయేది. 64 వేలు పెట్టి కొత్తది కొన్నాను. నా జీతం అప్పటికి 28 వేలు. మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ సంవత్సరం మేము గోడలకు సున్నం కూడా వేయించుకోలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఉచితమే. త్రీడీ స్లైసర్ అనేదానితోనే పని మొత్తం జరిగింది.

పని ఇలా ఉంటుంది. ఒక్కో ముక్కలో ఎముక అంచు గీసి, అన్నీ పేర్చి, త్రిమితీయ బొమ్మ తయారు చేయాలి. ఒక్క ఎముకకు రెండున్నర గంటలు. ఆ తర్వాత బొమ్మ మీద 24 చోట్ల చుక్కలు పెట్టాలి, ప్రతి ఎముక మీదా అవే చోట్లలో. కాలేజీ, వంట, మా అమ్మాయి హోంవర్కు అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు రోజూ ఇదే. జూన్‌లో మొదలుపెట్టి మరుసటి ఏడాది ఫిబ్రవరికి ముగించాను. మా అమ్మాయి ఆ బొమ్మలను చూసి "అమ్మా, నీ బంగాళదుంపలు అయిపోయాయా?" అనేది.

2023 మార్చి 12 ఆదివారం నా జీవితంలో అత్యంత సంతోషకరమైన ఆరు గంటలు. 58 ఎముకలనూ ఒకదాని మీద ఒకటి సర్ది, ప్రధాన భేదాలను ఒక్కో ఎముకకు ఒక్కో చుక్క చొప్పున గ్రాఫు మీద వేస్తే, ఆ చుక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. మధ్యలో నది పారుతున్నంత ఖాళీ. ఆడవారి ఎముక, మగవారి ఎముక ఆకారంలోనే వేరు! అమ్మ ఆపరేషన్ నాడు నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది! ఓళిగలు చేశాను. సాయంత్రం గైడు గారికి ఫోను చేశాను.

ఆయన అంతా విని నింపాదిగా అడిగారు. "చిన్న గుంపులో ఎంతమంది ఉన్నారు?"

"27 మంది సార్."

"నీ దగ్గర ఆడవాళ్ల ఎముకలు ఎన్ని?"

"22."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "ఎడమ కాళ్లు ఎన్నమ్మా?" అన్నారు.

ఎడమవి 27. కుడివి 31. ఎడమ ఎముకలను అద్దంలో తిప్పినట్టు తిప్పి కుడివిగా మార్చకుండానే సర్దేశాను. త్రిభుజం అద్దపు బింబం గోళం మీద ఎదుటి ధ్రువానికి పోతుందని మొదటి ఏడాదే చదివి మురిసిపోయినదాన్ని, తొమ్మిది నెలలు కూర్చుని, మనిషికి ఎడమకాలు, కుడికాలు వేరని కనిపెట్టాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టాను. మిగిలిన ఓళిగలు అమ్మాయి తిన్నది.

తిప్పడం ఒక్క లైను కోడ్. తిప్పాక ఆ నది మాయమైంది, ఏ గుంపూ మిగలలేదు. మే నెలలో సెలవులు వచ్చాక గైడు గారు ఇంకో పని చెప్పారు. పది ఎముకలు తీసుకుని, వారం వారం ఎడంతో, పాతవి చూడకుండా మూడేసి సార్లు చుక్కలు పెట్టమన్నారు. నేను చాలా జాగ్రత్తగల మనిషినని నా నమ్మకం. బోర్డు మీద వృత్తం గీస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. కొన్ని చుక్కలు నిజంగానే ఒక మిల్లీమీటరు కూడా కదలలేదు. ఎముక చివరనున్న రెండు గుండ్రటి ఉబ్బుల మధ్య గాడి పైకొస, కీలు ఉపరితలం అంచులు, అలాంటివి. కానీ లోపలి వైపు ఉబ్బు మీద పెట్టాల్సిన చుక్క ఒక్కో వారం ఒక్కో చోట ఉంది, అదీ ఐదు మిల్లీమీటర్ల తేడాతో. అది కొన కాదు, మెల్లగా గుండ్రంగా సాగిన గుట్ట. గుట్టకు శిఖరం ఎక్కడ అంటే ఎవరు చెబుతారు? మొత్తం లెక్క వేస్తే, మనిషికీ మనిషికీ తేడా అని నేను అనుకున్నదానిలో చాలా భాగం సోమవారపు నాకూ వచ్చే సోమవారపు నాకూ ఉన్న తేడా!

ఆ రోజు రాత్రి మానేద్దామనుకున్నాను. నిజంగానే. మా ఆయన ఎప్పుడూ ఇలాంటివాటిలో సలహా ఇవ్వరు. ఆ రాత్రి మాత్రం "ఎముక తప్పు చేయలేదు కదా, చుక్కే కదా" అన్నారు. అది ఓదార్పో వెక్కిరింతో ఇప్పటికీ తెలియదు.

నిలకడలేని ఏడు చుక్కలను తీసేసి 17తో మొదటి నుంచి, ప్రతి ఎముక మీదా రెండుసార్లు పెట్టాను. ఇందులో నేను ఊహించని లాభం ఒకటి కలిగింది. ఒక్కో చుక్కకు మూడు నిరూపకాలు; స్థానం, పరిమాణం, భ్రమణం కలిపి ఏడు పోతాయి. 24 చుక్కలతో 65 మితుల ప్రదేశం, అంటే 65 దిక్కులు; నా దగ్గర ఉన్నది 58 ఎముకలు. మనుషులకంటే దిక్కులు ఎక్కువ. ఆ స్థితిలో కొలతలు ఒకదానితో ఒకటి కలిసి ఎలా మారతాయో చూపే కోవేరియన్స్ మాత్రికకు విలోమం ఉండదు, రెండు గుంపులు ఎంత ఎడంగా ఉన్నాయో కొలిచే మహలనోబిస్ దూరం లెక్కకే రాదు. 17 చుక్కలకు 44 మితులే. లెక్క కదిలింది. బొటాబొటిగానే అనుకోండి, అయినా కదిలింది.

ఆ రెండో విడత మధ్యలోనే, 2023 ఆగస్టులో, సి.ఆర్. రావు గారు పోయారన్న వార్త వచ్చింది. ఆయన పుట్టిన హడగళి అప్పట్లో మా పక్కనున్న బళ్లారి జిల్లాలోది. గణాంకశాస్త్రంలో ఆయన పేరుతో ఉన్న సిద్ధాంతాలు అందరికీ తెలుసు. నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది మాత్రం 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లి, అక్కడి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలతో కూర్చున్న పాతికేళ్ల తెలుగు యువకుడు. ఆయన కూడా ఎముకలతో రాత్రులు గడిపారు. నేను ఇంకో రెండు ఎముకలు పూర్తి చేసి పడుకున్నాను.

అక్టోబరు చివరికి ఫలితం వచ్చింది. ఓళిగలకు తగినంత పెద్దది కాదు. పరిమాణం ప్రభావం తీసేశాక, నా దగ్గరున్న ఎముకల్లో స్త్రీపురుషుల ఆకార భేదం చాలావరకు కరిగిపోయింది. కొద్దిగా మిగిలింది వెడల్పులో.

వ్యాసం నవంబరులో పంపాను. మొదటి పత్రిక ఐదు నెలలు ఉంచుకుని, సమీక్షకు పంపకుండానే రెండు వాక్యాలతో తిప్పి పంపింది. ఈ మధ్యలో 'మూడు రోజుల్లో ప్రచురిస్తాం, 12 వేలు కట్టండి' అని వారానికి రెండు మెయిళ్లు. వాటికి లొంగినవాళ్లను చూశాను, నిందించలేను. గడువు మెడ మీద ఉంటే ఎవరికైనా చెయ్యి చాపుతారు. రెండో పత్రికలో ఒక సమీక్షకుడు అడిగింది సూటిగా తగిలింది: 'మోకాలి మార్పిడి జరిగేది ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలకు. మీ ఎముకలు ఎక్కువగా ప్రమాదాల్లో గాయపడిన యువకులవి. ఒకదాని గురించి ఇంకోదాని నుంచి ఎలా చెబుతారు?' చెప్పలేను. చెప్పలేనని వ్యాసంలోనే రాశాను. 2024 డిసెంబరులో అంగీకరించారు. చందాతో నడిచే పత్రిక కనుక పైసా కట్టలేదు.

ఈలోగా ఆరేళ్ల గడువు దాటింది. పొడిగింపు రుసుముతో కలిపి విశ్వవిద్యాలయానికి నేను కట్టింది మొత్తం 91 వేలు. ప్రీ సబ్మిషన్ సెమినార్ 2025 జనవరిలో జరిగింది. చౌర్యపరీక్షలో పది శాతం లోపు రావాలి, నాకు 23 వచ్చింది. గుండె ఆగినంత పనైంది. చూస్తే అందులో సగానికి పైగా నా సొంత వ్యాసమే! దాన్ని మినహాయించమని గైడు గారి లేఖ జత చేస్తే ఏడుకు దిగింది. ఈ లేఖ ముందే తయారు చేసుకోండి. 212 పేజీల థీసిస్‌లో 64 రంగు పేజీలు. ఐదు ప్రతులకు ముద్రణ, బైండింగు 9,800.

మార్చి 10న సమర్పించాను. మొదటి ఎగ్జామినర్ నివేదిక జూన్ 2న వచ్చింది. రెండోది అక్టోబరు 14న. మధ్యలో పరీక్షల విభాగానికి నేను చేసిన ఫోన్లు ఇరవైకి తక్కువ ఉండవు. ప్రతిసారీ ఒకటే జవాబు, "రిమైండర్ పంపాం మేడమ్." ఏడేళ్లలో నాకు అన్నిటికంటే కష్టంగా గడిచింది ఈ ఏడు నెలలే. ఎందుకంటే చేయడానికి నా చేతిలో పని లేదు. తిరిగి పెట్టుకోవడానికి ఒక చుక్క కూడా లేదు.

వైవా యాభై నిమిషాలు. చుక్కల ప్రశ్న తర్వాత ఎగ్జామినర్ గారు చాలాసేపు పొరపాట్ల అధ్యాయం మీదే ఉన్నారు. ఎడమ కాళ్ల కథ థీసిస్‌లో లేదు, నోటితో చెప్పాను. హాలంతా నవ్వింది. వెనక బెంచీలో కూర్చున్న మా అమ్మ మాత్రం నవ్వలేదు. తెలుగులో చెప్పిన ఆ ఒక్క ముక్కే ఆమెకు అర్థమైంది కాబోలు, భోజనాల దగ్గర పక్కకు పిలిచి, "కుడికాలు, ఎడమకాలు తెలియకపోవడం ఏమిటే, అంతమందిలో చెప్పుకుంటావా?" అంది.

అనుమతి లేఖలో ఒక షరతు ఉంది. పని ముగియగానే ఎథిక్స్ కమిటీకి ముగింపు నివేదిక ఇవ్వాలి, స్కాన్లు చెరిపేశానని రాసివ్వాలి. పోయిన శనివారం హార్డ్ డిస్కు పట్టుకుని కర్నూలు వెళ్లాను. సీటీ గదిలో అన్న ఎదుటే 131 ఫోల్డర్లూ చెరిపేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. "అయిపోయాయా మేడమ్, అన్నీ?" అని ఆయన రెండుసార్లు అడిగారు. అక్కడి నుంచి పై అంతస్తులో కమిటీ గుమాస్తా గారి దగ్గరకు వెళ్లి నివేదిక ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చారు.

"ఒక్క కాపీయే తెచ్చారే. పద్నాలుగు కావాలి మేడమ్."